ఇచ్చిన మాటయు, తీరని బాకీయు

ద్వితీయోపదేశకాండము 20వ అధ్యాయములో యుద్ధమునకు పోవు సేనను గూర్చిన కట్టడలు కొన్ని ఉన్నవి. వాటిలో ఒకటి చదువునప్పుడు మనకు ఆశ్చర్యము కలుగును. క్రొత్త ఇల్లు కట్టుకొని ఇంకను గృహప్రతిష్ఠ చేసికొననివాడు ఎవడైనను సేనలో ఉన్నయెడల, నాయకులు వానిని ఇంటికి తిరిగి పోనీయవలెను. శత్రువు ఎదుట నిలిచియున్న ఘడియలో సైనికుని ఇంటి సంగతి అడుగుట వింతగా తోచవచ్చును. అయితే ఆ ధర్మశాస్త్రము ఒక సత్యమును ఎరిగియున్నది. దేశము కొరకు ప్రాణమొడ్డువానికి ఒక ఇల్లు కలదు. ఆ ఇంటిని గూర్చిన బాధ్యత వానిది మాత్రమే కాదు, వానిని పంపినవారిది కూడ.

ఈ నెల మనము ఆలోచింపగోరు ప్రశ్న ఇందుకు సంబంధించినదే. అమెరికా సంయుక్త రాష్ట్రములలో సైన్యమున పనిచేసిన ఒకడు అప్పు తీసికొని ఇల్లు కొనెను. తరువాత ఆ ఇంటి వెల పడిపోయి, అప్పు కంటె తక్కువాయెను. ఇల్లు అమ్మినను అప్పు తీరదు. ఉంచుకొనుటకు శక్తి చాలదు. అటువంటివాడు అప్పిచ్చినవారి యొద్దకు పోయి, "ఈ ఇంటికి వచ్చినంత తీసికొని నన్ను విడిచిపెట్టుడి" అని అడుగుట న్యాయమా? లేక అది ఇచ్చిన మాట తప్పుట యగునా?

ఇది దూరదేశపు సంగతి గదా, మనకేల యని కొందరనవచ్చును. మన కుటుంబములలో అనేకుల బిడ్డలు ఆ దేశములో స్థిరపడి ఇండ్లు కొనుక్కొనియున్నారు. ఆ దేశపు సైనిక వస్త్రములు ధరించినవారును లేకపోలేదు. అంతకంటెను, అప్పును గూర్చిన మనస్సాక్షి బాధ ఏ దేశమందైనను ఒకటే. కాబట్టి ముందుగా సంగతి యెట్టిదో తెలిసికొని, పిమ్మట దాని ధర్మాధర్మములను విచారింతము.

రెండవ ప్రపంచ యుద్ధము ఇంకను ముగియకమునుపే, 1944 జూన్ 22న అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్టు ఒక చట్టముపై సంతకము చేసెను. యుద్ధము నుండి మరలి వచ్చు సైనికులకు చదువు, ఇల్లు, జీవనోపాధి కల్పించుటకు ఏర్పడిన ఆ చట్టమును అందరును జి.ఐ. బిల్లు అందురు. ఇంటి విషయములో అది చేసిన ఏర్పాటు ఏమనగా, ప్రభుత్వము తానే అప్పు ఇయ్యదు. బ్యాంకు ఇచ్చు అప్పులో కొంత భాగమునకు పూచీ పడును. 1944 మొదలు 1952 వరకు ఇట్టి పూచీతో దాదాపు 24 లక్షల గృహఋణములు ఇయ్యబడెను. నేటికిని ఈ ఏర్పాటు నడచుచున్నది. మాజీ సైనికుల వ్యవహారములు చూచు ప్రభుత్వ శాఖ ఆ పూచీదారు. పెద్ద మొత్తపు ఋణములలో సాధారణముగా నాలుగవ వంతునకు అది పూచీ పడును.

ఈ పూచీ యుండుట చేత సైనికుడు చేతినుండి ఒక డాలరైనను ముందుగా కట్టకుండ ఇల్లు కొనవచ్చును. ఇది గొప్ప మేలు. కాని ప్రతి మేలు వెనుక ఒక జాగ్రత్త యుండవలెను. పూచీ కొరకు ఒక రుసుము కట్టవలెను. సైనిక సేవలో కలిగిన అంగవైకల్యమునకు భృతి పొందువారికి అది లేదు. తక్కిన వారిలో అనేకులు ఆ రుసుమును కూడ అప్పులోనే కలుపుకొందురు. కాబట్టి మొదటి దినముననే అప్పు ఇంటి వెలకు సమానముగానో, కొంచెము ఎక్కువగానో ఉండును. ఇంటి వెల పెరుగుచున్నంత కాలము దీనివలన బాధ లేదు. వెల కొద్దిగా తగ్గినను చాలు, అడుగు నిలుచుటకు నేల ఉండదు. ఇటువంటి ఇంటిని ఆ దేశస్థులు నీట మునిగిన ఇల్లు అందురు.

2006వ సంవత్సరము తరువాత అమెరికాలో ఇండ్ల వెలలు కూలిపోయి, 2012 వరకు కోలుకొనలేదు. నెవాడా రాష్ట్రములోని లాస్ వేగాస్ నగరములో వెలలు సగము కంటె ఎక్కువగా పడిపోయెను. ఆ నగరము ప్రక్కనే నెల్లిస్ వైమానిక స్థావరము ఉన్నది. ఆ సంవత్సరములలో దేశమంతట కోటికి పైగా ఇండ్లు ఇట్లు అప్పులో మునిగియుండెను. ఆ కాలము గడచినను అటువంటి కష్టము మరల రాదని చెప్పుటకు వీలులేదు. వెలలు ఎక్కువగా ఉన్న కాలములో కొని, రెండు మూడు సంవత్సరములలోనే అమ్మవలసి వచ్చినవానికి నేడును ఈ కష్టము కలుగవచ్చును.

సైనికునికి ఈ కష్టము ఇతరుల కంటె ఎక్కువ. తక్కినవారు వెల తిరిగి పెరుగువరకు ఆ ఇంటిలోనే ఓర్చుకొని యుండవచ్చును. సైనికుడు అట్లుండలేడు. మరియొక స్థావరమునకు పొమ్మని ఉత్తరువు వచ్చిన దినమున అతడు పోవలసినదే. అక్కడ అద్దె, ఇక్కడ అప్పు వాయిదా, జీతము ఒక్కటే. ఇల్లు అద్దెకిచ్చినను వచ్చిన అద్దె వాయిదాకు చాలకపోవచ్చును. పైగా అతనికి మరియొక భయము. రహస్య విషయములతో కూడిన ఉద్యోగములలో ఉన్నవారి ఆర్థిక స్థితిని పై అధికారులు పరీక్షింతురు. తీరని బాకీలు ఉన్నయెడల ఆ అనుమతికే ముప్పు రావచ్చును. సేవ ముగించి వచ్చినవారి బాధ వేరు. గాయపడి వచ్చినవానికి మునుపటి సంపాదన లేదు. భర్తను పోగొట్టుకొన్న స్త్రీకి ఆ ఇల్లు మోయలేని భారమగును.

ఇట్టివారికి ఏ దారులు ఉన్నవి? మాజీ సైనికుల శాఖ ఒక వరుసను చూపుచున్నది. ఇల్లు నిలుపుకొనగోరువాడు తప్పిన వాయిదాలను కొంచెము కొంచెముగా తీర్చుటకు ఒప్పందము చేసికొనవచ్చును. కొంతకాలము వాయిదాలు ఆపుమని అడుగవచ్చును. అప్పు షరతులనే మార్చుమని కోరవచ్చును. ఈ సహాయములను పెంచుచు 2025 జూలైలో ఒక క్రొత్త చట్టము కూడ చేయబడినది. దాని ప్రకారము తప్పిన వాయిదాల మొత్తమును అప్పు చివరకు నెట్టి వేరుగా ఉంచుటకు వీలు కలిగెను. ఇంతేగాక ఈ పూచీగల అప్పును, అర్హత గలవాడు మరియొకడు తన పేరున తీసికొనవచ్చును. పాత అప్పు తక్కువ వడ్డీది అయినయెడల, వెల కొంత తగ్గినను అట్టివాడు దొరకవచ్చును. అయితే తనను బాధ్యతనుండి విడిపించినట్లు వ్రాతపూర్వకముగా తీసికొనకుండ ఎవ్వరును అప్పును మరియొకనికి అప్పగింపరాదు.

ఇవేవియు పనికిరానప్పుడు మిగిలిన దారి షార్ట్ సేల్. ఆ శాఖ పత్రములలో దీనికి రాజీ అమ్మకము అనునట్టి పేరు కలదు. ఆ పేరు మాకు నచ్చినది. ఏలయనగా దానిలోని సంగతి రాజీయే. ఒక లెక్క చెప్పినయెడల స్పష్టముగా ఉండును. ఒక సైనికుడు ఇంకను 2,25,000 డాలర్లు బాకీ యున్నాడనుకొందము. ఇంటి వెల నేడు 1,90,000. అమ్మకపు ఖర్చులు, దళారి రుసుము కలిసి 12,000. అవి పోగా అప్పిచ్చినవారి చేతికి వచ్చునది 1,78,000. తక్కువైనది 47,000. పూచీ నాలుగవ వంతైనయెడల 56,250 వరకు ఉన్నది. కాబట్టి ఆ 47,000ను పూచీదారైన శాఖ అప్పిచ్చినవారికి చెల్లించును. ఇల్లు క్రొత్తవానికి పోవును, తనఖా తీసివేయబడును, సైనికుడు బయటపడును. అతని చేతికి మాత్రము ఒక్క డాలరును రాదు.

ఇదే ఇంటిని జప్తు చేసి వేలము వేసినయెడల ఏమగును? నెలలు గడచును, వడ్డీ పెరుగును, వకీళ్ల ఖర్చులు కలియును, ఖాళీ ఇల్లు పాడగును. నష్టము 47,000తో ఆగదు. అందుకే ఆ శాఖ రాజీకి ఒప్పుకొనును. కాని కొన్ని షరతులు పెట్టును. ఇల్లు న్యాయమైన వెలకే అమ్మవలెను. ఆ వెలను మదింపు చేయువాడు నిర్ణయింపవలెను. జప్తు వలన కలుగు నష్టము కంటె ఈ నష్టము తక్కువగా ఉండవలెను. ఆ ఇంటిపై రెండవ అప్పు ఏదైన ఉన్నయెడల అదియు విడిపింపబడవలెను. అమ్మువాడు తన కష్టమును వ్రాసి, జీతపు కాగితములు, బ్యాంకు లెక్కలు చూపవలెను. కొనువాడు అమ్మువానికి సంబంధములేనివాడై యుండవలెను. తమ్ముని పేరున కొనిపించి తానే అందులో కాపురముండరాదు. అమ్మకము కూడ కుదరనప్పుడు, దస్తావేజును ఇష్టపూర్వకముగా అప్పిచ్చినవారికి వ్రాసియిచ్చి వెళ్లు దారియు ఒకటి కలదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. ఇది మాట తప్పుట యగునా?

15వ కీర్తన దేవుని పర్వతముమీద నివసింపదగినవాని లక్షణములను వరుసగా చెప్పుచు, నష్టము కలిగినను ప్రమాణము మార్చనివానిని వారిలో చేర్చుచున్నది. ఈ మాటను తేలికగా దాటిపోవుటకు వీలులేదు. వెల పెరిగినప్పుడు లాభము నాది, తగ్గినప్పుడు నష్టము నీది అనువాడు ఆ పర్వతమునకు చాల దూరముగా ఉన్నాడు. తీర్చగల శక్తి యుండియు, లెక్క చూచుకొని, ఈ అప్పు ఇక గిట్టుబాటు కాదని తాళపుచెవులు బ్యాంకు గుమ్మమున పడవేసి పోయినవారు 2008 తరువాతి సంవత్సరములలో కొందరు ఉండిరి. వ్యాపార సంస్థలు ఇట్లు చేయుట లేదా యని వారు వాదించిరి. సంస్థలు చేయుచున్నవనుట నిజమే కావచ్చును. కాని సంస్థకు లేని మనస్సాక్షి మనుష్యునికి ఉన్నది. తీర్చగలిగియు తీర్చననువానికి రాజీ అమ్మకమని పేరు పెట్టినంతమాత్రమున అది రాజీ కానేరదు.

అయితే తీర్చలేనివాని సంగతి వేరు. రెండవ రాజుల గ్రంథము 4వ అధ్యాయములో ఒక విధవరాలి కథ ఉన్నది. ఆమె భర్త ప్రవక్తల శిష్యులలో ఒకడు. దేవుని సేవలో నుండి మరణించెను. అప్పులవాడు ఆమె ఇద్దరు కుమారులను దాసులుగా పట్టుకొనిపోవుటకు వచ్చియుండెను. ఆమె తలుపు వేసికొని ఏడ్చుచు కూర్చుండలేదు. ఎలీషా యొద్దకు పోయి ఉన్నది ఉన్నట్లు చెప్పెను. ఆయన ఆమెను మొదట అడిగినది, నీ ఇంటిలో ఏమి ఉన్నదని. ఉన్నది ఒక నూనె కుండ మాత్రమే. ఆ నూనె విస్తరించినప్పుడు దానిని అమ్మి అప్పు తీర్చుమనియు, మిగిలినదానితో బ్రదుకుమనియు ఆయన చెప్పెను.

ఈ కథను చూపి కొందరు, ఆమె అప్పు రద్దు చేయుమని అడుగలేదు, అంతయు తీర్చెను గదా, అని మనలను నిలదీయుదురు. నిజమే. ఆమె వలె తీర్చగలిగినవాడు తీర్చవలసినదే. కాని ఆమె చేసిన మూడు పనులను చూడుడి. తన బాకీని దాచలేదు. తన ఇంటిలో ఉన్నదానిని దాచలేదు. ఉన్నదానిని అమ్మి అప్పులవానికి ఇచ్చెను. రాజీ అమ్మకములో సైనికుడు చేయునది ఈ మూడే. భేదము ఒక్కటి, అతని నూనె అప్పునకు చాలలేదు. చాలకపోవుట అతని దోషము కాదు. ఇంటి వెల పడిపోవుట అతని చేతిలో లేదు. బదిలీ ఉత్తరువు అతడు వ్రాసికొన్నది కాదు.

ఉన్నదంతయు ఇచ్చినను చాలనప్పుడు ఏమి చేయవలెనో ధర్మశాస్త్రము ఎరుగకపోలేదు. ద్వితీయోపదేశకాండము 15వ అధ్యాయము ఏడవ సంవత్సరమున విడుదలను నియమించినది. అంతేకాదు, ఆ సంవత్సరము దగ్గరపడినదని బీదవానికి అప్పియ్యకుండ మనస్సు కఠినపరచుకొనవద్దని అప్పిచ్చువానిని హెచ్చరించినది. నెహెమ్యా గ్రంథము 5వ అధ్యాయములో జనులు కరవు చేత పొలములను, ద్రాక్షతోటలను, ఇండ్లను కుదువపెట్టి మొఱ్ఱపెట్టిరి. నెహెమ్యా ప్రధానులను గద్దించెను. అయితే తానును, తన బంధువులును అప్పిచ్చినవారిలో ఉన్నామని ఆయన ఒప్పుకొని, తనను కలుపుకొనియే మాటలాడెను. అప్పు తీసికొన్నవానికి ఒక నీతి ఉన్నట్లే అప్పిచ్చినవానికిని ఒక నీతి ఉన్నది.

ఇంకొక సంగతి కలదు. మాట ఇచ్చునప్పుడు ఆ మాటలో ఏమేమి ఉన్నవో చూడవలెను. సైనికుడు అప్పు పత్రముపై సంతకము చేసిన దినమున మువ్వురు అందులో ఉండిరి. అతడు తీర్చుదుననెను. అప్పిచ్చినవారు పూచీని చూచి అప్పిచ్చిరి. అతడు తీర్చలేని పక్షమున తమ భాగము భరింతుమని ప్రభుత్వము ముందుగానే చెప్పియుండెను. ఆ పూచీ దానము కాదు. అది సేవకు ఫలముగా దేశము చేసిన వాగ్దానము. సైనికుడు తన శక్తికొలది తీర్చి, ఇక సాధ్యము కాక, మువ్వురి యెదుటను నిజము చెప్పి ఆ పూచీని తలుపు తట్టినయెడల అతడు మాట తప్పలేదు. దేశము ఇచ్చిన మాటను జ్ఞాపకము చేయుచున్నాడు, అంతే.

అయితే ఆ నష్టమును భరించునది ఎవరు? దీనిని మరువరాదు. ఆకాశమునుండి ఎవరును డబ్బు కురిపింపరు. తోటి మాజీ సైనికులు కట్టిన రుసుములును, ప్రజలు కట్టిన పన్నులును కలిసి ఆ నష్టమును మోయును. కాబట్టి విడుదల అడుగువాడు అబద్ధమాడినయెడల అతడు మోసగించునది ముఖము తెలియని బ్యాంకును కాదు. తన వెనుక వరుసలో నిలిచియున్న మరియొక సైనికుని. చట్టమును ఈ భేదమును గుర్తించినది. 1990 జనవరి 1 తరువాత జరిగిన ఋణములలో, శాఖకు కలిగిన నష్టమును సాధారణముగా సైనికుని యొద్దనుండి తిరిగి రాబట్టరు. మోసము, అసత్యము, దురుద్దేశము ఉన్నప్పుడు మాత్రము ఈ మినహాయింపు లేదు. లోకసంబంధమైన చట్టము కూడ యథార్థునికి ఒక తలుపును, కపటికి మరియొక తలుపును పెట్టుట మనము గమనింపవలెను.

ఇక అన్నిటికంటె కఠినమైన ప్రశ్న ఒకటి మిగిలినది. ఒక వాయిదాయు తప్పని సైనికుని సంగతి యేమి? బదిలీ వచ్చినది, ఇల్లు అప్పులో మునిగియున్నది, రెండు చోట్ల ఖర్చు భరించుచు, ఉన్న కొద్ది నిల్వను తినుచు, అతడు ఇంకను వాయిదాలు కట్టుచున్నాడు. మునుపు ఇట్టివాడు సహాయమడిగినప్పుడు, వాయిదాలు తప్పనిదే ఏమియు చేయలేమని అప్పు వసూలు చేయువారు అనుట కలదు. అనగా మొదట మాట తప్పుము, తరువాత నీ మాట విందుమని చెప్పినట్లాయెను! యథార్థునికి ఇంతకంటె చెడ్డ బోధ ఏమి కలదు? 2012 జూన్‌లో గృహఋణ సంస్థలను పర్యవేక్షించు ప్రభుత్వ కార్యాలయము ఫానీ మే, ఫ్రెడ్డీ మాక్ అను రెండు పెద్ద సంస్థల ఋణముల విషయములో దీనిని సరిచేసినది. బదిలీ ఉత్తరువే తగిన కష్టకారణమనియు, వాయిదాలు సక్రమముగా కట్టుచున్నను షార్ట్ సేల్‌కు అర్హత కలదనియు, తక్కువైన మొత్తమును సైనికుని అడుగరాదనియు ప్రకటించినది. పడిపోయిన తరువాతనే పట్టుకొందుమనుట కంటె పడకమునుపు చేయి అందించుట మేలు గదా.

అయినను ఇట్టి అర్హత ఉన్న ప్రతివాడును దానిని ఉపయోగించుకొనవలెనని మేము చెప్పుట లేదు. చట్టము అనుమతించినదంతయు మనస్సాక్షి అనుమతింపదు. భార్యాభర్తలు కలిసి కూర్చుండి, ఆదాయమును, నిల్వను, బిడ్డల అవసరములను ఒక కాగితముమీద వ్రాసికొని, మూడు ప్రశ్నలు వేసికొనవలెను. మేము నిజముగా తీర్చలేమా, లేక తీర్చుటకు ఇష్టములేదా? ఉన్నదానిలో ఏదైన దాచుచున్నామా? మేము వ్రాయబోవు కష్టముల లేఖను మా బిడ్డలు చదివినయెడల తల దించుకొనవలసి వచ్చునా? ఈ మూడింటికి శుద్ధమైన జవాబు చెప్పగలవాడు నిర్భయముగా అడుగవచ్చును.

అడుగుటలో ఆలస్యము చేయరాదు. అప్పు నిప్పువంటిది, చిన్నదిగా ఉన్నప్పుడు అందరును కలిసి ఆర్పవచ్చును. మనుష్యులలో అనేకులు చేయు పొరపాటు ఏమనగా, బ్యాంకు నుండి వచ్చిన ఉత్తరములను విప్పకుండ బల్ల సొరుగులో పడవేయుట. సైనికునికి ఇది మరియు సహజము. శత్రువు ఎదుట వెనుకంజ వేయనివానికి, నేను తీర్చలేకపోవుచున్నానని ఒక గుమాస్తాతో చెప్పుట మరణముతో సమానముగా తోచును. కాని ఇది ధైర్యము కాదు, గర్వము. దాని ఫలము భార్యా బిడ్డలు అనుభవింతురు.

కొన్ని ఆచరణ సంగతులు కూడ చెప్పుట మేలు. మాజీ సైనికుల శాఖలో గృహఋణ సలహాదారులు ఉన్నారు. తమ పూచీలేని అప్పులు గల మాజీ సైనికులకును వారు ఉచితముగా సలహా చెప్పుదురు. సేవలో చేరకమునుపు చేసిన గృహఋణమునకు, సేవాకాలములోను, తరువాత ఒక సంవత్సరము వరకును, కోరినయెడల నూటికి 6కు మించి వడ్డీ తీసికొనరాదని ఒక చట్టము కాపాడుచున్నది. న్యాయస్థానపు ఉత్తరువు లేక అట్టి ఇంటిని ఆ కాలములో జప్తు చేయుటకు వీలులేదు. గాయపడినవారికిని, సేవలో మరణించినవారి భార్యలకు లేక భర్తలకును ఇంటి నష్టములో తోడ్పడుటకు, 1966లో ఏర్పడిన ఒక రక్షణశాఖ పథకము 2009లో విస్తరింపబడెను. ముందుగా రుసుము కట్టినయెడల మీ అప్పును మాయము చేయుదుమని చెప్పువారిని నమ్మకుడి. పని జరుగకమునుపు అట్టి రుసుము పుచ్చుకొనుట 2011 నుండి ఆ దేశపు నిబంధనలకు విరుద్ధము.

షార్ట్ సేల్ ఒప్పుకొన్నప్పుడు, మిగిలిన బాకీని మరల అడుగబోమని అప్పిచ్చినవారు వ్రాసి ఇచ్చునట్లు చూచుకొనవలెను. తక్కువైన మొత్తము పూచీని మించినప్పుడు ఇది మరింత అవసరము. ఈ విషయములో రాష్ట్రమునకొక న్యాయము ఉన్నది. విడిచిపెట్టబడిన అప్పును పన్ను అధికారులు ఆదాయముగా లెక్కించుటయు కలదు. కాపురమున్న ఇంటి విషయములో 2007లో ఒక చట్టము ఉపశమనము కలిగించెను. దాని గడువు పలుమారులు పొడిగింపబడెను. కాబట్టి సంతకము చేయకమునుపే ఆ సంవత్సరపు నియమము ఎట్లున్నదో తెలిసినవారిని అడుగవలెను. అప్పు చరిత్రలో మచ్చ కొన్ని సంవత్సరములు నిలుచును, దానిని ఓర్చుకొనవలెను.

సంఘముగా మనకును ఒక పని ఉన్నది. ఇల్లు పోగొట్టుకొన్న కుటుంబము మన మధ్యకు వచ్చినప్పుడు, దుబారా చేసియుందురని గుసగుసలాడువారు ఉందురు. యోబు స్నేహితులు కూడ ఇట్లే ఆలోచించిరి. ఆ కుటుంబమునకు మన లెక్కలు అవసరము లేదు. సామాను మోయుటకు రెండు చేతులు, బిడ్డల బడి మారినప్పుడు ఒక తోడు, కాగితములు చదివి చెప్పగల ఒక స్నేహితుడు, ఇవి అవసరము. ఇంకను ఇల్లు కొననివారికి, ముఖ్యముగా యౌవనస్థులైన సైనికులకు, లూకా 14వ అధ్యాయములో గోపురము కట్టగోరినవాని ఉపమానమును జ్ఞాపకము చేయుట మంచిది. ముందుగా డబ్బు కట్టనక్కరలేదు అనుమాట విన్నవెంటనే పెద్ద ఇల్లు చూడక, రెండు సంవత్సరములలో బదిలీ వచ్చినయెడల ఏమి చేయుదుమని కూర్చుండి లెక్క చూచుకొనుట జ్ఞానము.

చివరగా ఒక మాట. రాజీ అమ్మకము జరిగిన తరువాత, శాఖ భరించిన నష్టమునకు తగినంత మేర ఆ సైనికుని పూచీ హక్కు తగ్గిపోవును. శాఖ చెల్లించిన మొత్తమును అతడు ఎన్నడైనను పూర్తిగా తిరిగి కట్టినయెడల ఆ హక్కు తిరిగి వచ్చును. కట్టుమని ఎవరును అతనిని వెంటాడరు; కట్టకున్నను అతడు దోషి కాడు. విడుదల అయినవాడు విడుదల అయినవాడే. అతని మెడమీద మరల కాడి మోపుటకు మనకు అధికారము లేదు. కాని తిరిగి కట్టగోరువానికి ఒక తలుపు తెరచియే ఉన్నది. ఏనాడో మంచి కాలము వచ్చినప్పుడు, తన ఇష్టముచేత, మరియొక సైనికుని ఇంటికి ఆధారముగా ఉండుటకై అతడు ఆ తలుపున ప్రవేశించినయెడల, అది అప్పు తీర్చుట కంటె గొప్పది.

యుద్ధమునకు పోవువాని ఇంటిని గూర్చి అడిగిన ఆ పాత కట్టడను మరల తలంచుకొందము. ఇల్లు నిలిచినవారు కృతజ్ఞత గలిగియుందురు గాక. ఇల్లు విడువవలసి వచ్చినవారు, సత్యమును విడువక, తల యెత్తుకొని ఆ గుమ్మము దాటుదురు గాక.